సేఫ్టీకి ఇంకోటి

ఆ ఇంటాయనకి సిగరెట్టు అలవాటు లేదు, పేకాట లేదు, పరాయి ఆడవాళ్ల వంక చూడడం లేదు. చూసినా లెన్సులోంచే చూస్తాడు, అదీ వెలుతురు ఎటునుంచి పడుతోందో తేల్చుకోవడానికి. ఆయనకున్న జబ్బు ఒక్కటే. పెళ్లయిన నాటినుంచి ఈనాటివరకూ "తప్పు నాదే" అన్న రెండు ముక్కలు ఆయన నోటివెంట రాలేదు. పొయ్యిమీద పాలు పొంగబెట్టేస్తే "సేఫ్టీకి ఇంకో ప్యాకెట్ కాద్దాం" అంటాడు. పెళ్లిరోజు మర్చిపోతే "రేపు చేసుకుందాం, ఇంకా బాగా వస్తుంది" అంటాడు. తాళంచెవులు లోపల పెట్టేసి తలుపు లాగేసిన రోజున, తాళాలవాణ్ణి పిలిపించి, "సేఫ్టీకి ఇంకో చెవి కూడా చేసిపెట్టు" అన్నాడు, అదేదో తన ముందుచూపు అయినట్టు.

యాడ్ ఫిల్ములు తీసేవాళ్లకి అది వృత్తితో వచ్చే జబ్బట. షూటింగులో ఎవరూ ఎవరినీ తప్పుపట్టరు. కప్పు ఒలికినా, లైటు పేలినా, ఆర్టిస్టు సగం డైలాగు మింగేసినా డైరెక్టరు చల్లగా, "బాగుంది. సేఫ్టీకి ఇంకోటి," అంటాడు. అంటే 'తగలేశావు, మళ్లీ చెయ్యి' అని అర్థం. ఆ అర్థం అందరికీ తెలుసు, ఎవరి పరువూ పోదు. మంచి పద్ధతే. దాన్ని మెట్లెక్కించి సంసారంలోకి కూడా తెచ్చేశాడన్నదే వదిన ఫిర్యాదు.

వదిన అంటే ఆయన భార్యే. కంపెనీకి ఆయన డైరెక్టరు, ఆయన సొంత తమ్ముడు కెమెరామన్. తమ్ముడు వదినా అని పిలుస్తాడు కాబట్టి అతన్ని చూసి సౌండు అతనూ, సౌండు అతన్ని చూసి మేకప్పావిడా అలాగే పిలవడం మొదలుపెట్టారు. ఆవిడకంటే పదేళ్లు పెద్దవాడైన జనరేటరాయన కూడా "వదినా, కాసిని మంచినీళ్లు" అంటాడు. ఇప్పుడావిడకి ఊరంతా మరుదులే.

కింద కంపెనీ, పైన కాపురం. మధ్య మెట్లమీద రోజంతా వదిన గిన్నెలు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. ఆవిడ గరిటె ఒకటి మూడు రకాల నూనెల యాడ్లలో వేషం వేసింది. వంటింటి కర్టెను ఒకసారి దుప్పట్లవాళ్లకోసం కిందికి వెళ్లి తిరిగి రాలేదు; అడిగితే "దానికి డేట్స్ కుదరట్లేదు" అన్నాడు మరిది.

గరిటెలూ కర్టెన్లూ ఒక ఎత్తు. ఆవిడ చేతులు ఒక ఎత్తు.

కంపెనీ పెట్టిన కొత్తలో చేతులకోసం వేరే మోడల్‌ని పిలిపించే స్తోమత వీళ్లకి లేదు. పిండి కలిపే చేతులు, గాజుగ్లాసు తుడిచే చేతులు, పసిపిల్ల ఒంటికి నూనె రాసే చేతులు, అన్నీ వదినవే. మొదటి యాడ్‌లో వేడి మూకుడు పట్టుకోమన్నారు. చల్లారిందనుకుని పట్టుకుంది. చల్లారలేదు. ఎడమ బొటనవేలి పక్కన ఇప్పటికీ చిక్కుడుగింజంత మచ్చ ఉంది. ఆ రోజు కూడా ఆయన "బాగుంది, సేఫ్టీకి ఇంకోటి" అనే అన్నాడు, ఆవిడ కూడా మళ్లీ పట్టుకుంది. అప్పట్లో కొత్త కాపురం కదా. తర్వాత ప్రతి యాడ్‌కీ మేకప్పావిడ ఆ మచ్చమీద ఇంత రంగు అద్ది కప్పేసేది. టీవీ ఉన్న ప్రతి ఇంట్లోకీ వెళ్లొచ్చిన ఆ చేతులు ఎవరివో, ఆ కంపెనీవాళ్లకి తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియదు. యాడ్లలో పేర్లు వెయ్యరు మరి. సబ్బు పేరు వేస్తారు.

అందుకే అన్నదమ్ములిద్దరూ సొంతంగా సినిమా తీస్తామన్న రోజున వదినకి లోపలెక్కడో దీపం వెలిగింది. సినిమాకి టైటిల్స్ ఉంటాయి.

కథ కూడా ఆవిడకి నచ్చింది. తండ్రి వదిలిపోయిన సైకిల్ షాపుని ఒక పిల్ల ఒక్కత్తే నడుపుతుంది. పాటల్లేవు, ఫైటింగుల్లేవు. పంక్చర్లు మాత్రం బోలెడు. హీరోయిన్‌గా ఒప్పుకున్న అమ్మాయికి ముఖం చక్కగా ఉంది, నటన ఉంది, గోళ్లు మాత్రం మూరెడు. ఇంకెవరిదో గోళ్లరంగు యాడ్‌కి ఒప్పుకుని ఉంది కాబట్టి కత్తిరించనంది. ఆ గోళ్లతో సైకిల్ టైరు విప్పితే ముందు గోళ్లే పంక్చరవుతాయి. కాబట్టి ముఖం ఆ అమ్మాయిది, చేతులు ఇంకొకరివి.

ఇంకొకరెవరో వదినకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రోజే వేళ్లకి క్రీము పట్టించింది.

ఆ వారంలోనే, భోజనాల దగ్గర, డైరెక్టరుగారు ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయాడు. ఎదురుగా తోడికోడలు, అంటే కెమెరా మరిది భార్య, నీళ్ల జగ్గు అందుకుంటోంది. కంపెనీలో షాట్లకి బొమ్మలు గీసిపెట్టే పని ఆ పిల్లది. పెన్సిలు పట్టీపట్టీ వేళ్లు కూడా పెన్సిళ్లలాగే ఉంటాయి.

"అమ్మాయ్, ఆ చెయ్యి అలాగే ఉంచు," అన్నాడు ఆయన. "ఒరే, చేతులు దొరికాయిరా."

"వదినవి ఉన్నాయిగా అన్నయ్యా," అన్నాడు మరిది, ఎక్కడి తంటా వస్తుందోనని పెరుగు గిన్నె వంక చూస్తూ.

"ఇది ఇరవై రెండేళ్ల పిల్ల కథరా."

వదిన గరిటె కింద పెట్టింది. "మరి నావి ఎన్నేళ్ల చేతులో?"

డైరెక్టరుగారికి అప్పుడు తెలిసింది తాను ఎక్కడ నిలబడ్డాడో. "నీవి... నీవి అనుభవం ఉన్న చేతులోయ్," అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయి, భార్య ముఖం చూసి, దాన్ని ముద్దతో పాటు మింగేశాడు.

"ఉద్యోగంలోంచి తీసేసేటప్పుడు కూడా ఇలాగే అంటారట," అంది వదిన, ఆయన కంచంలో అడక్కుండానే ఇంకాస్త కూర వేస్తూ.

ఇదంతా విని తోడికోడలు సిగ్గుపడిపోయి, "నాకెందుకు బావగారూ, అక్క చేస్తుంది," అంది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన ఆగలేదు. "అలా కాదు. టైటిల్సులో వేస్తున్నాం కూడా. 'చేతులు' అని, పక్కన పేరు. మన సినిమాలో కష్టపడ్డ ఏ చెయ్యీ అనామకంగా ఉండకూడదు."

వదిన లేచి వెళ్లి, కాలకపోయినా, కుళాయి కింద చేతులు పెట్టుకుంది.

తెల్లారినుంచి కొత్త చట్టం వచ్చింది. సినిమా చేతులు పాడవకూడదు కాబట్టి తోడికోడలు అంట్లు తోమకూడదు, బట్టలు పిండకూడదు, ఉల్లిపాయలు తరగకూడదు. ఆ పనులన్నీ ఎవరు చెయ్యాలో చట్టంలో రాయలేదు. రాయక్కర్లేదు. సినిమాకి పనికిరాని చేతులు ఆ ఇంట్లో ఉన్నవి ఒక్కావిడకేనాయె. మరిది సాయం చేస్తానని వచ్చి ఒక పూట అంట్లు తోమాడు. అవన్నీ వదిన మళ్లీ తోముకుంది, సేఫ్టీకి.

తోడికోడలు చెడ్డదైనా అయ్యుంటే వదినకి ఎంతో కొంత సుఖంగా ఉండేది. కాదు. మంచిది కావడమే ఆ పిల్ల చేసిన ఘోరం. "అక్కా, నీకెంత శ్రమో" అంటూ వంటింటి గుమ్మంలో నిలబడి జాలిపడేది. ఆ జాలి పడే తీరులోనూ చేతులు రెండూ గుండెలమీద పెట్టుకునేది, ఆ వేళ్లు మళ్లీ కంట్లో పడేవి. కింద రిహార్సళ్ల నుంచి రోజూ సైకిల్ చక్రం తిరుగుతున్న చప్పుడు, టైరు విప్పే ఇనప పట్టీ రింగుమీద జారిన చప్పుడు, ఆ వెంటనే నలుగురూ మెచ్చుకున్న చప్పుడు. పైన వదిన మాడిన గిన్నెని గీకుతూ, ఆ గిన్నె అడుగున ఎవరి ముఖం ఊహించుకునేదో చెప్పడం మర్యాద కాదు.

ఒకరోజు టీ ఇచ్చే వంకతో కిందికి దిగింది. తోడికోడలు స్టూలుమీద కూర్చుని ట్యూబుకి అతుకు వేస్తోంది. డైరెక్టరుగారు రెండు చేతుల వేళ్లూ చదరంగా పట్టుకుని, ఒక కన్ను మూసి, అందులోంచి చూస్తున్నాడు.

"చూశావా," అన్నాడు భార్యతో, తన్మయత్వంలో ఉండి. "చేతులు మాట్లాడుతున్నాయి."

ఇన్నేళ్లూ తన చేతులు మూగవని వదినకి అప్పుడే తెలిసింది.

ఆ మధ్యాహ్నం అందరూ లొకేషను చూడ్డానికి వెళ్లారు. వదిన తలుపులు మూసి, కంపెనీ గదిలో ఆ స్టూలుమీద తాను కూర్చుంది. ఇనప పట్టీ దూర్చి టైరు ఎత్తింది. ట్యూబు లాగింది, బకెట్ నీళ్లలో ముంచింది, బుడగలు ఎక్కడొస్తున్నాయో చూసి ఉప్పుకాగితంతో రుద్ది అతుకు పెట్టింది. మొదటిది ఊడింది. రెండోది నిలబడింది. గాలి కొట్టి చక్రం తిప్పితే జోరుగా తిరిగింది. మెచ్చుకోవడానికి గోడమీద బల్లి కూడా లేదు. ఎవరికీ అనుమానం రాకుండా పిన్నీసుతో మళ్లీ పొడిచి, ఎలా ఉన్నది అలా పెట్టేసి పైకెళ్లి పప్పు కడిగింది. ఆ తర్వాత కూడా, వాళ్లు బయటికెళ్లిన ప్రతిసారీ, అదే పని చేసేది. ఎందుకు చేస్తోందో ఎవరైనా అడిగినా చెప్పలేకపోయేది. ఒకామె రహస్యంగా చీట్లపేక ఆడుతుందట, ఒకామె రహస్యంగా ఐస్‌క్రీము తింటుందట. వదిన రహస్యంగా పంక్చర్లు వేసేది.

చేతుల షూటింగు రేపనగా, ఉదయం, వదినకి తన తలలో తెల్లవెంట్రుకలు ఎక్కువైనట్టు తోచింది. అద్దం ముందు నిలబడి చాలాసేపు ఆలోచించింది. వెంట్రుకల గురించి కాదు.

బజారులో దొరికే జుట్టురంగు ప్యాకెట్ ఆ ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. డైరెక్టరుగారి జుట్టు సహజంగా నల్లగా ఉండటానికి కారణం అదే. ప్యాకెట్‌లో పొడి, చిన్న బ్రష్షు, మడిచిపెట్టిన ప్లాస్టిక్ చేతొడుగులు ఉంటాయి. వదిన చేతొడుగులు తీసి టీపొడి డబ్బా వెనక పెట్టింది. పొడి గిన్నెలో కలిపి, ఖాళీ ప్యాకెట్ చెత్తబుట్టలో అడుగున పడేసింది. బ్రష్షు కూడా కనపడకుండా పోయింది. అప్పుడు పిలిచింది.

"అమ్మాయ్, కాస్త నా తలకి రంగేస్తావా? భుజం పట్టేసింది."

"అయ్యో, దానికేం అక్కా." పరిగెత్తుకుంటూ వచ్చింది. గిన్నెలో నల్లటి ముద్ద చూసి ఆగింది. "బ్రష్షు లేదా? చేతులకి అంటదూ?"

"ఇది మూలికల రంగు. తెల్లవెంట్రుక ఎక్కడుందో పసిగట్టి దానికే పడుతుంది. చేత్తో వేస్తేనే కుదుళ్లకి వెళ్తుంది."

ఆ పిల్ల నమ్మింది. పెద్ద చదువే చదివింది గాని, తోడికోడళ్ల సబ్జెక్టులో ఏ పరీక్షా రాయలేదు.

మెత్తటి వేళ్లు కుదుళ్లలో నెమ్మదిగా తిరుగుతున్నాయి. వదినకి కళ్లు మూతలు పడ్డాయి. తన తలని ఎవరైనా అలా పట్టుకుని ఎంతకాలమైందో గుర్తుకు రాలేదు. ఆ పిల్ల ఏదో కూనిరాగం తీస్తోంది. మనసు కొంచెం మెత్తబడి, 'ఆగవే, టీడబ్బా వెనక చేతొడుగులున్నాయి, తొడుక్కో' అనే మాట నాలుక చివరికి వచ్చింది కూడా.

"అక్కా," అంది ఆ పిల్ల అప్పుడే, "టైటిల్సులో నా పేరు ఏ అక్షరాల్లో వెయ్యాలో బావగారు నన్నే గియ్యమన్నారు. గుండ్రటివి బాగుంటాయా, కోలగా ఉన్నవా?"

"కోలగా," అంది వదిన. "చెవుల వెనక కూడా బాగా రుద్దు."

మర్నాడు ఆవిడ లేచేసరికే బాత్రూములో కుళాయి హోరుమంటోంది. తలుపు తీసే ఉంది. తోడికోడలు నిమ్మచెక్కతో, పళ్లపొడితో, చివరికి బండలు తోమే పొడితో కూడా చేతులు రుద్దుకుంటోంది. గోళ్లచుట్టూ నలుపు. వేలిముద్రల గీతల్లో నలుపు. అరచేతి రేఖలు ఎవరో సిరాతో గీసినట్టున్నాయి.

"అక్కా, చూడు," అంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అయ్యయ్యో," అంది వదిన. ఆ మాటలో నటన ఎంతో నిజం ఎంతో ఆవిడకే తెలియలేదు.

"ఇప్పుడు బావగారికి ఏం చెప్పను?"

వదిన దగ్గర ఆ ప్రశ్నకి జవాబు తయారుగానే ఉంది, కాని అది ఆ పిల్లకి చెప్పేది కాదు. తన ఉంగరం రాత్రే తీసి పెట్టుకుంది. చేతులు శుభ్రంగా, మెత్తగా, క్రీము వాసనతో ఉన్నాయి.

కింద షాపు సెట్టు సిద్ధంగా ఉంది. డైరెక్టరుగారు ఆ చేతులు చూసి, "ఏమైంది?" అన్నాడు.

వదిన పక్కనే నిలబడి ఉంది. ఇప్పుడు ఆ పిల్ల వేలెత్తి చూపిస్తే సరి.

"తప్పు నాదే బావగారూ," అంది తోడికోడలు. "తలకి వేసే రంగు చూసుకోకుండా ముట్టుకున్నాను."

ఎవరి తలకి అన్నది చెప్పలేదు. ఎవరు ముట్టుకోమన్నారో చెప్పలేదు. మంచినీళ్లు అందించినంత తేలిగ్గా ఆ రెండు ముక్కలూ అనేసింది. ఆ గోడలమధ్య అవి వినబడటం అదే మొదటిసారి. మిన్ను విరిగి మీద పడలేదు. డైరెక్టరుగారు మాత్రం ఎవరో పరాయిభాషలో పలకరించినట్టు చూశాడు.

మేకప్పావిడ తన పెట్టె తెచ్చి నలుపుమీద రంగు అద్దింది. చేతులు పాచిపట్టిన గోడలా తయారయ్యాయి. ఇదే అదనని వదిన టీకప్పులు పంచడం మొదలుపెట్టింది. భర్తకి కప్పు ఇచ్చేటప్పుడు, అవసరమైనదానికంటే కాస్త నెమ్మదిగా, రెండు చేతులూ పెద్ద లైటు కిందికి తెచ్చి ఇచ్చింది.

డైరెక్టరుగారు ఆ చేతుల వంక చూశాడు. నిదానంగా, కిందనుంచి పైదాకా చూశాడు.

"కొంచెం పక్కకి జరుగు," అన్నాడు. "నీడ పడుతోంది."

వదిన జరిగింది.

"అన్నయ్యా, ఒకసారి ఇటు రా," అన్నాడు మరిది కెమెరా వెనకనుంచి. "ఆ మేకప్పు తుడిపించి చూడు."

తుడిపించారు. తోడికోడలు భయంభయంగా ట్యూబు చేతిలోకి తీసుకుంది. మానిటరులో ఆ చేతులు కనిపించగానే అందరూ దగ్గరికి జరిగారు. మొన్నటి ట్రయల్లో అవే వేళ్లు, అదే ట్యూబు. అప్పుడు ఎవరో చేతిక్రీము అమ్ముతున్నట్టుంది. ఇప్పుడలా లేదు. ఊహ తెలిసినప్పటినుంచీ గ్రీజులో చేతులు పెట్టిన మనిషి, ఎంత కడిగినా పోని నలుపుతో, తన పని తాను చేసుకుంటోంది.

"ఇన్నేళ్లు సబ్బులు అమ్మీ అమ్మీ మనకి మురికి కనపడకుండా పోయిందిరా," అన్నాడు డైరెక్టరుగారు. "రోల్."

అతుకు పడింది. గాలి నిండింది. చక్రం తిరిగింది. నల్లటి వేలికొసలు చక్రాన్ని ఆపాయి.

"కట్," అన్నాడు ఆయన. మానిటరు వంక మరోసారి చూసి, "బాగుంది. అయిపోయింది," అన్నాడు.

సేఫ్టీకి ఇంకోటి అనలేదు.

వదిన ఆగి చూసింది, అంటాడేమోనని. అనలేదు. మూకుడు కాలిన రోజున అన్నాడు. తాను జ్వరంతో పిండి కలిపిన రోజున అన్నాడు. తన చేతులు ఒక్కసారి చేసిన ఏ పనినీ ఆయన ఎన్నడూ అంతటితో చాలనలేదు. ఇవాళ ఈ పిల్లని చాలన్నాడు. పైగా ఆ చేతులకి రంగు వేయించి, మేకప్ చేసి, పళ్లెంలో పెట్టి అందించింది తానే. కడుపులో మంటకి తోడు సిగ్గు కూడా వచ్చి కూర్చుంది. ఖాళీ కప్పులు పోగేసుకుని పైకి వెళ్లిపోయింది.

తోమిన గిన్నెలనే మళ్లీ తోముతుండగా డైరెక్టరుగారు వచ్చి వంటింటి గుమ్మానికి ఆనుకున్నాడు.

"ఏమోయ్, కాస్త కిందికి వస్తావా? నీ షాటు ఉంది."

"గరిటెలు అక్కడే ఉన్నాయి. కర్టెను మీ దగ్గరే ఉంది."

"నీ షాటంటే నీదే. ఆఖరి షాటు. అదే షాపు, అదే స్టూలు, అదే మనిషి. ముప్పై ఏళ్ల తర్వాత."

వదిన కుళాయి కట్టేసింది. "అంటే ముసలి చేతులు కావాలి."

"నేనామాట అన్నానా?" అన్నాడు ఆయన కంగారుగా. "అనకుండా ఉండటానికే ఇన్నాళ్లూ చస్తున్నాను. ఆ రోజు భోజనాల దగ్గరే చెబుదామని మొదలుపెట్టాను. నువ్వు 'నావి ఎన్నేళ్లు' అనేసరికి గొంతులో పచ్చివెలక్కాయ పడ్డట్టయింది. పండిన చేతులు అందామా అనుకున్నాను, పండు అంటావని భయం. నలిగిన చేతులు అంటే ఎవరు నలిపారంటావు. మంచిమాట దొరికాక చెబుదామని ఊరుకున్నాను."

"దొరికిందా?"

"లేదు. అందుకే 'నీ షాటు' అన్నాను."

వదిన ముఖం పక్కకి తిప్పుకుంది. నవ్వు వస్తే ఆయన గెలిచినట్టవుతుంది. "నాకు పంక్చర్లు రావు," అంది.

"ఆ ట్యూబుకి నేను పొడిపించింది నాలుగుచోట్ల. అతుకులు చూస్తే ఒళ్లంతా ఉన్నాయి. మా వాళ్లు వేసినవి గుండ్రంగా ఉంటాయి. ఇంకెవరో మూలలు కత్తిరించి వేశారు, నువ్వు చిరిగిన తలగడలకి వేసినట్టు."

దొంగ దొరికిపోయింది. వదిన చేతులు తుడుచుకుంటూ, అతి మామూలుగా అడిగినట్టు అడిగింది. "టైటిల్సులో?"

"చేతులు అని ఒక్కటే మాట. కింద రెండు పేర్లు. పెద్దావిడది ముందు." నాలిక కరుచుకున్నాడు. "పెద్ద కోడలిది."

మెట్లు దిగేటప్పుడు ఆవిడ కాళ్లకి బరువే తెలియలేదు. ఆ సుఖం స్టూలుమీద కూర్చునేదాకానే ఉంది. మరిది లెన్సు బిగించి చూసి, "వదినా, మరీ శుభ్రంగా ఉన్నాయి. ఇవి ఆ పిల్ల చేతులే ముసలివయ్యాయంటే ఎవరూ నమ్మరు. ఆ నలుపే కావాలి," అన్నాడు. ఆ ఇంట్లో 'ముసలి' అన్న మాట అనగలిగినవాడు అతనొక్కడే.

"ఆ రంగే తెప్పించాను," అంది మేకప్పావిడ. "ఎలా అంటిందో అమ్మాయికే తెలుసు. తనే పూస్తే సరిగ్గా కలుస్తుంది."

తోడికోడలు వదిన ఎదురుగా చిన్న పీట వేసుకుని కూర్చుంది. పైన మైకు వేలాడుతోంది. సౌండు అతను చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఏదో సరిచేసుకుంటున్నాడు. డైరెక్టరుగారూ ఇంకో జత చెవులకి పెట్టుకుని మానిటరు ముందు కూర్చుని, ఫోకస్ ఎక్కడుండాలో తమ్ముడికి చెప్తున్నాడు.

"మచ్చ కప్పనా?" అంది మేకప్పావిడ, అలవాటుగా.

"వద్దు," అన్నాడు ఆయన. "ఆ మచ్చ ఉండాలి."

వదిన ఎడమచెయ్యి లైటు కిందికి జరిపింది. అప్పుడే తోడికోడలు కొత్త ప్యాకెట్ చింపింది. పొడి పొట్లం పడింది. బ్రష్షు పడింది. వాటివెంట, మడతలు విప్పుకుంటూ, ప్లాస్టిక్ చేతొడుగులు ఒళ్లో పడ్డాయి.

ఆ పిల్ల వాటిని చూసింది. ప్యాకెట్ తిప్పి చూసింది. దానిమీద తలకి రంగు పూస్తున్న చెయ్యి బొమ్మ, ఆ చేతికి తొడుగు, బాగా పెద్దదే. తర్వాత తన నల్లటి వేళ్లు చూసుకుంది. తల ఎత్తింది.

కోపం వస్తుందని వదిన ఎదురుచూసింది. రాలేదు. ఆ పిల్ల గొంతు తగ్గించి, ఎవరికీ వినపడకుండా, "నిన్నటి ప్యాకెట్లో ఇవి రాలేదు కదక్కా?" అంది.

తలుపు బార్లా తీసిపెట్టి, పోవే తల్లీ పో అన్నట్టుంది ఆ ప్రశ్న. 'లేవు' అంటే చాలు. ప్యాకెట్లవాడు మోసగాడు, ఎవరి పరువూ పోదు, టేకు బాగుంది, సేఫ్టీకి ఇంకోటి. వదిన నోరు తెరిచింది. ఇన్నేళ్లూ ఆయన నోట్లో ఇరుక్కున్న మాట ఎంత లావుగా ఉంటుందో అప్పుడే ఆవిడకి తెలిసింది. ఆయన్ని ఆడిపోసుకోవడం తేలికే. మింగడానికీ కక్కడానికీ వీల్లేని ముద్ద అది. ఈ పిల్ల పొద్దున్న, చెయ్యని తప్పుకి, దాన్ని ఎలా అనేసిందో.

"వచ్చాయి," అంది. "టీపొడి డబ్బా వెనక ఉన్నాయి. నేనే తీసి దాచాను. నీ చేతులు పాడైతే నావి తీసుకుంటారని."

తోడికోడలు చేతొడుగులు మడిచి పక్కన పెట్టింది.

వదిన తన మచ్చ వంక చూస్తూ, చాలా చిన్నగా, "తప్పు నాదే," అంది.

డైరెక్టరుగారికి ఫోకస్ ధ్యాసలో మాటలు ఎక్కలేదు. చెవుల్లో భార్య గొంతు మాత్రం పడింది, మైకు టెస్టు అనుకున్నాడు. "బాగుంది," అన్నాడు, మానిటరు నుంచి కళ్లు తిప్పకుండానే. "సేఫ్టీకి ఇంకోటి."

మరిది కెమెరా వెనక్కి తల దించేశాడు. సౌండు అతను పైకప్పు వంక చూశాడు. తోడికోడలు పెదవి కొరుక్కుంటోంది, కాని భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. తర్వాత ఆ నల్లటి వేళ్లు చాపి వదిన ఎడమ బొటనవేలు పట్టుకుంది, రంగు పుయ్యడానికి పట్టుకున్నట్టే.

వదిన తల ఎత్తింది. ఈసారి ఆ పిల్ల కళ్లలోకే చూస్తూ, సౌండు అతను చెవులనుంచి హెడ్‌ఫోన్లు తీసేసుకునేంత గట్టిగా అంది.

"తప్పు నాదే."